వేసవి సెలవుల్లో శ్రీలంక వెళ్లాలని ఉంది: సర్కారు బడి టీచర్లు సలహా ఇవ్వండి

ములుగు టీచర్ | 9 ఫిబ్రవరి 2025

అందరికీ నమస్కారం. నేను ములుగు జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్). అయిదు తరగతులకు ఇద్దరం టీచర్లం. హనుమకొండలో టీచర్ శిక్షణ కాలేజీ డైట్‌లో నాతో చదివిన ఇద్దరు స్నేహితులు కూడా టీచర్లే. ముగ్గురం కలిసి ఈ మే నెలలో శ్రీలంక వెళ్దామని అనుకుంటున్నాం. ఇప్పటిదాకా ముగ్గురిలో ఒక్కరం కూడా దేశం దాటలేదు. ఒక స్నేహితురాలికి పాస్‌పోర్ట్ కూడా లేదు.

ఇంట్లో వాళ్లు ఒకటే మాట అంటున్నారు: "ఆ పైసలతో తులం బంగారం వస్తది కదా!" బంగారం ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. మోకాళ్లు బాగున్నప్పుడే కొండలు ఎక్కాలని నేను అనుకుంటున్నాను. చిట్టీ ఎత్తిన డబ్బు చేతికి వచ్చింది, అప్పు చేసే అవసరం లేదు.

తెలుసుకోవాలని ఉన్నవి ఇవి. సెలవుల్లో వెళ్లినా శాఖ అనుమతి తీసుకోవాలా? మేలో శిక్షణ తరగతులు పెడితే ఏం చేయాలి? పంచాయతీ ఎన్నికలు వస్తాయంటున్నారు, డ్యూటీ పడితే టికెట్ డబ్బులు పోయినట్టేనా? వెళ్లొచ్చినవాళ్లు ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.

నర్సంపేట సార్ | 9 ఫిబ్రవరి 2025

మేడమ్, అనుమతి తప్పనిసరి. సెలవులు మనవే అయినా ప్రభుత్వ ఉద్యోగి దేశం దాటాలంటే ముందుగా రాతపూర్వక అనుమతి ఉండాలి. దరఖాస్తు త్రూ ప్రాపర్ చానల్ వెళ్లాలి, అంటే మీ హెచ్ఎం, ఎంఈఓ (మండల విద్యాధికారి) ద్వారా డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసుకు. ఏ దేశం, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎందుకు వెళ్తున్నారు, ఖర్చు ఎవరిది, మీ మీద విచారణలు ఏమైనా ఉన్నాయా అన్నవి అందులో స్పష్టంగా రాయండి. ఫైలు ఒక టేబుల్ మీద ఆగిందంటే మనమే వెళ్లి అడగాలి, కాబట్టి ఇప్పుడే పెట్టండి. ఇంకా రెండు నెలల పైనే టైమ్ ఉంది.

పాస్‌పోర్ట్ లేని స్నేహితురాలికి ఒక మాట చెప్పండి. దానికి శాఖ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కోసం నెలలు ఎదురుచూడనక్కర్లేదు. పాస్‌పోర్ట్‌కి దరఖాస్తు చేస్తున్నానని పై అధికారికి ముందస్తు సమాచారం ఇచ్చి, ఆ లేఖ నకలు జత చేస్తే చాలు. ప్రయర్ ఇంటిమేషన్ అంటారు. వరంగల్‌లోనే పోస్టాఫీసు పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది, హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. మామూలు 36 పేజీల బుక్కుకి ఫీజు 1,500 రూపాయలు. పాస్‌పోర్ట్ తీసుకోవడం వేరు, ప్రయాణానికి అనుమతి వేరు. ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది చివర్లో ఇబ్బంది పడుతున్నారు.

పరకాల నాన్న | 10 ఫిబ్రవరి 2025

నేను టీచర్‌ని కాదు, తండ్రిని. నా పిల్లలిద్దరూ సర్కారు బడిలోనే చదువుతున్నారు. మేడమ్ వెళ్లొద్దని అనడం లేదు. కానీ ఒక సంగతి ఆలోచించండి. ఏప్రిల్ ఆఖరు నుంచే ప్రైవేటు స్కూళ్ల వాళ్లు మా ఊళ్లల్లో ఇంటింటికీ తిరిగి, బస్సు పంపిస్తామని చెప్పి పేర్లు రాసుకుంటారు. మన బడి టీచర్లు కనిపించేది జూన్‌లో, పిల్లలను బడిలో చేర్పించే బడిబాటకు. అప్పటికి సగం మంది తల్లిదండ్రులు అక్కడ అడ్వాన్సు కట్టేసి ఉంటారు. పిల్లలు తగ్గితే బడే ఉండదు. ఆ నెలన్నర అంతా టీచరు ఊరి ముఖం చూడకపోతే ఎలా?

ములుగు టీచర్ | 10 ఫిబ్రవరి 2025

అన్నా, మీరన్నది న్యాయమైన మాట. బడికి ఏప్రిల్ 23 చివరి పనిదినం. దానికి ముందే అయిదేళ్లు నిండిన పిల్లల జాబితా అంగన్‌వాడీ టీచర్ దగ్గర తీసుకుని ఆ ఇళ్లకు వెళ్లొస్తాం. ఇది ప్రతి ఏడూ చేస్తున్న పనే. ఈసారి ఏప్రిల్ ఆఖరి వారం కూడా ఊళ్లోనే ఉంటాను. ప్రయాణం మే మొదటి సగంలోనే పెట్టుకుంటాం. జూన్ 12న బడి తెరిచే రోజుకు కాదు, బడిబాట మొదలయ్యే రోజుకే అక్కడ ఉంటాను.

ఒకటి మాత్రం చెప్పాలి. ఇద్దరు టీచర్లు అయిదు తరగతులు నడిపే బడిలో రోజు ఎలా గడుస్తుందో బయటివాళ్లకు తెలియదు. ఒకటి, రెండు తరగతుల పిల్లలు నా దగ్గర ఒకే గదిలో కూర్చుంటారు. ఒకరికి అక్షరాలు దిద్దిస్తూ ఇంకొకరికి కూడికలు చెప్పాలి. చదవడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు కార్యక్రమం వచ్చాక ప్రతి పిల్లవాడి స్థాయి పరీక్షించి నమోదు చేయాలి. అది మంచి పనే, దాని వల్ల చదవలేని పిల్లలు వెనక బెంచీల్లో మరుగున పడిపోవడం తగ్గింది. దానికి తోడు భోజనం లెక్కలు, గుడ్ల లెక్క, ఆన్‌లైన్ హాజరు, బడి వివరాల యూడైస్ ఎంట్రీలు, ఆధార్‌లో పేరు తప్పు పడిన పిల్లల వెంట తిరగడం. మొన్న నవంబరులో ఇంటింటి సర్వేకు పొద్దున బడి, మధ్యాహ్నం నుంచి వీధులు. రెండో టీచరు సెలవు పెట్టిన రోజు అయిదు తరగతులూ నావే. ఆ రోజు మంచినీళ్లు తాగడం కూడా గుర్తుండదు.

రిటైర్డ్ హెచ్ఎం, హనుమకొండ | 11 ఫిబ్రవరి 2025

అమ్మా, నువ్వు వెళ్లు. పెద్దవాడిగా చెబుతున్నాను, వాయిదా వేయకు.

టీచర్లకు ఎండాకాలమంతా ఖాళీ అని లోకం అనుకుంటుంది. నా సర్వీసులో గుర్తున్న ఎండాకాలాలు చెబుతాను. 2010లో జనాభా లెక్కల కోసం ఇళ్ల నమోదు. ఏప్రిల్, మే ఎండల్లో గోడల మీద నంబర్లు వేసుకుంటూ తిరిగాం. 2014 ఏప్రిల్ 30న ఎన్నికలు. అంతకుముందు శిక్షణ, ముందురోజు సామగ్రి పంపిణీ, ఆ రాత్రి పోలింగ్ కేంద్రంలోనే నిద్ర. 2019 మేలో ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు మూడు విడతలుగా జరిగాయి. నేను రిటైరైన తర్వాత నా కోడలు 2024 మే 13న పార్లమెంటు ఎన్నికల డ్యూటీ చేసింది. 2020, 2021 వేసవులు కరోనాలో పోయాయి. ఇవన్నీ తీసేస్తే టీచరు నిజంగా తనదని చెప్పుకోగల ఎండాకాలాలు ఎన్ని మిగులుతాయో మీరే ఆలోచించండి.

పైగా మనది వెకేషన్ డిపార్ట్‌మెంట్. ఆ సెలవులు ఉన్నాయన్న కారణంతోనే మనకు ఏడాదికి ఆరు ఈఎల్‌లే (ఎర్న్‌డ్ లీవులు) జమ చేస్తారు. మిగతా ఉద్యోగులకు ముప్పై. అంటే వేసవి సెలవులు ఎవరో దయతో ఇచ్చినవి కావు, వాటికి బదులుగా మనం వేరేవి వదులుకుంటున్నాం. సెలవుల్లో పని చేయిస్తే దానికి తగ్గ ఈఎల్ జమ చేయమని అడిగే హక్కు కూడా అందుకే ఉంది. ఆ ఉత్తర్వు కాగితాలు జాగ్రత్తగా దాచుకోండి.

నేను సర్వీసులో ఉండగా ఢిల్లీ దాకా వెళ్లాను. దేశం దాటింది రిటైరయ్యాక, అబ్బాయి దగ్గరికి. అక్కడ ఒక బడి ముందు నిలబడి చూస్తుంటే నాకు ఎంతో బాధ కలిగింది. ఇది ముప్పై ఏళ్ల వయసులో చూసి ఉంటే నా పిల్లలకు చెప్పేవాడిని. అప్పుడు చెప్పడానికి నాకు తరగతి గదే లేదు.

భూపాలపల్లి కొత్త టీచర్ | 11 ఫిబ్రవరి 2025

నేను 2024 డీఎస్సీలో వచ్చాను, అక్టోబరులో నియామక పత్రం అందుకున్నాను. మొదటి బేసిక్ 31,040. కోచింగ్ కోసం చేసిన అప్పు ఇంకా తీరుతోంది. మీ చర్చ చదువుతుంటే నాకూ వెళ్లాలని అనిపిస్తోంది. నేపాల్‌కు పాస్‌పోర్ట్ అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు అంటున్నారు. నిజమేనా సార్? అప్పుడు కూడా అనుమతి కావాలా?

నర్సంపేట సార్ | 11 ఫిబ్రవరి 2025

నిజమే తమ్మీ. భారతీయులకు నేపాల్, భూటాన్ వెళ్లడానికి ఓటరు గుర్తింపు కార్డు సరిపోతుంది. అయినా దాటేది దేశం సరిహద్దే కదా, అనుమతి కాగితం చేతిలో పెట్టుకుని వెళ్లడం మంచిది. ప్రొబేషన్‌లో ఉన్నావు, ఇంకా జాగ్రత్త. ముందు అప్పు తీర్చు. నేపాల్ ఎక్కడికీ పోదు.

జగిత్యాల అన్న, మస్కట్ నుంచి | 12 ఫిబ్రవరి 2025

నేను టీచర్‌ని కాదు, ఇక్కడ ఒక కంపెనీలో డ్రైవర్‌ని. మా పాప ఊళ్లో సర్కారు బడిలో నాలుగో తరగతి. మేడమ్ పోస్టు చదివి రాయాలనిపించింది.

మా జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు బడుల్లో కూర్చున్న పిల్లలను అడిగి చూడండి. ఎవరి నాన్న దుబాయ్, ఎవరి నాన్న మస్కట్, ఎవరి మామ కువైట్. మా పిల్లలకు విదేశం అంటే నాన్న కనిపించకుండా పోయే చోటు. విమానం అంటే నాన్నను తీసుకుపోయేది. బడిలో టీచరు ఒక్కరైనా విమానం ఎక్కి, వేరే దేశం చూసి, సంతోషంగా తిరిగొచ్చి ఆ సంగతులు చెబితే ఈ పిల్లలకు ఇంకో రకంగా కూడా వెళ్లొచ్చని తెలుస్తది. చదువుకొని, చూడటానికి పోయి, మళ్లీ ఇంటికి రావొచ్చని తెలుస్తది.

ఇంకో మాట. నా పాస్‌పోర్ట్‌లో ఈసీఆర్ అనే ముద్ర ఉంది, ఎందుకంటే నేను పది పాస్ కాలేదు. గల్ఫ్‌లో పనికి పోవాలంటే మాలాంటోళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. ఏజెంట్ల చేతిలో పడేది అక్కడే. పది పాసైతే ఆ ముద్ర ఉండదు. పదో తరగతి ఎందుకు పాస్ కావాలి అని పిల్లలు అడిగితే మీ టీచర్లు ఇది కూడా చెప్పండి. మా ఊరి పిల్లలకు ఇది అర్థమైనంత తొందరగా ఇంకేదీ అర్థం కాదు.

మీరు మంచిగ పోయి మంచిగ రండి మేడమ్.

ములుగు టీచర్ | 12 ఫిబ్రవరి 2025

అన్నా, మీ మాట ఈ చర్చలో అన్నిటికన్నా పెద్దది. పాస్‌పోర్ట్ సంగతి మా బడిలో తప్పకుండా చెబుతాను. మీ పాపకు నా ఆశీస్సులు.

కాజీపేట ప్రయాణికుడు | 14 ఫిబ్రవరి 2025

రెండేళ్ల కింద కుటుంబంతో శ్రీలంక వెళ్లొచ్చాను, పనికొచ్చేవి చెబుతాను. హైదరాబాద్ నుంచి కొలంబోకి నేరుగా విమానాలున్నాయి, ప్రయాణం సుమారు రెండు గంటలే. గడియారం మార్చక్కర్లేదు, వాళ్ల టైమూ మన టైమూ ఒకటే. ఈటీఏ అనే అనుమతి వెళ్లే ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. అదే పేరుతో నకిలీ సైట్లు బాగా కనిపిస్తాయి, వాళ్ల ప్రభుత్వ సైట్‌లోనే పెట్టండి. సిగిరియా, పొలొన్నరువ లాంటి చారిత్రక చోట్ల విదేశీయుల టికెట్ చాలా ఎక్కువ. కానీ సార్క్ దేశాల వాళ్లకు సగం ధరే. పాస్‌పోర్ట్ చూపించి గట్టిగా అడగండి.

టూర్ కంపెనీ ప్యాకేజీ తీసుకుంటే టీసీఎస్ అని కొంత పన్ను ముందే పట్టుకుంటారు. అది పోయిన డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటు అవుతుంది. నన్నడిగితే ముగ్గురూ కలిసి ఒక కారు మాట్లాడుకోవడమే మేలు. తిండికి భయం లేదు. అన్నం, పప్పు, కొబ్బరి పచ్చడి అన్ని చోట్లా దొరుకుతాయి.

ములుగు టీచర్ | 26 ఏప్రిల్ 2025

అనుమతి వచ్చింది! మధ్యలో ఫైలు ఒక ఆఫీసులో కదలకుండా ఉండిపోయింది. నర్సంపేట సార్ చెప్పినట్టు నేనే వెళ్లి అడిగాను. శిక్షణ తరగతులు మే రెండో సగంలో విడతలుగా ఉంటాయని తెలిసింది. చివరి విడతలో పేరు వేయమని అడిగాం, ఒప్పుకున్నారు. పంచాయతీ ఎన్నికల మాట ఇంకా తేలలేదు. పాస్‌పోర్ట్ లేని స్నేహితురాలికి కూడా అది చేతికి వచ్చింది. మే మొదటి వారంలో ప్రయాణం.

రిటైర్డ్ హెచ్ఎం, హనుమకొండ | 26 ఏప్రిల్ 2025

శుభం. పొలొన్నరువలో చెరువు చూడకుండా రాకు. గుళ్లు అందరూ చూస్తారు. నువ్వు కట్ట మీద నడువు, తూము ఎక్కడుందో అడుగు.

ములుగు టీచర్ | 15 జూన్ 2025

క్షేమంగా వెళ్లొచ్చాం. ఆలస్యంగా రాస్తున్నాను, శిక్షణ అయిపోయి, బడిబాట పనుల మధ్య ఇప్పటికి కూర్చున్నాను.

మేం వెళ్లిన వారంలోనే పాకిస్తాన్ సరిహద్దులో ఉద్రిక్తత మొదలై ఉత్తరాదిన చాలా విమానాశ్రయాలు మూసేశారు. మా అమ్మకు ఒకటే టెన్షన్. రోజూ పొద్దున, రాత్రి వీడియో కాల్ చేయాల్సి వచ్చింది. మా విమానానికి మాత్రం ఏ ఇబ్బందీ రాలేదు.

ముందు బడుల సంగతి. మనకు సెలవులు కానీ మేం వెళ్లిన మొదట్లో అక్కడ బడులు నడుస్తున్నాయి. పొద్దున ఏడు గంటలకే రోడ్డు పక్కన పిల్లలు వరుసగా నడుస్తూ కనిపిస్తారు. ఎక్కడ చూసినా తెల్లటి యూనిఫాం, రెండు జడలు. బడి ఏడున్నరకు మొదలై ఒంటిగంటన్నరకు అయిపోతుంది. అక్కడి టీచర్లు కూడా చీరల్లోనే ఉన్నారు. అనుమతి లేకుండా లోపలికి వెళ్లకూడదు కాబట్టి గేటు దగ్గరే ఆగాం. క్యాండీ నుంచి నాను ఓయా వెళ్లే రైల్లో మాత్రం ఒక టీచరమ్మ మా ఎదురుగా కూర్చున్నారు. తేయాకు తోటల్లో పనిచేసే వాళ్ల పిల్లలు చదివే తమిళ మీడియం బడిలో పనిచేస్తారట. వచ్చీరాని ఇంగ్లీషులో, మధ్య మధ్య మాకు తెలిసిన నాలుగు తమిళ మాటలతో చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఆమె చెప్పినవి వింటుంటే మన ఏజెన్సీ బడులే గుర్తొచ్చాయి. తల్లులు తెల్లారకముందే ఆకు కోతకు వెళ్తారు, పిల్లలు తమ్ముళ్లను చూసుకుంటూ ఆలస్యంగా వస్తారు. మన దగ్గర మిర్చి ఏరే రోజుల్లో హాజరు ఎలా పడిపోతుందో అలాగే. అయిదో తరగతిలో స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది, దాని ఒత్తిడి పిల్లల మీదా, తల్లిదండ్రుల మీదా ఎక్కువట. అక్కడ బడి నుంచి యూనివర్సిటీ దాకా చదువు ఉచితం, 1945 నుంచీ ఉంది. మన దేశానికి స్వాతంత్ర్యం రాకముందే ఒక చిన్న ద్వీపం ఆ నిర్ణయం తీసుకుందంటే నాకు గౌరవం కలిగింది. దాన్ని తెచ్చిన విద్యామంత్రి కన్నంగర పేరు ఆమె ఎంతో గర్వంగా చెప్పారు.

సార్, మీరు చెప్పినట్టే చేశాను. పొలొన్నరువలో పరాక్రమ సముద్రం కట్ట మీద సాయంత్రం నడిచాం. దాదాపు 14 కిలోమీటర్ల కట్ట అది, ఒక చివరి నుంచి రెండో చివర కనిపించదు. దాన్ని ఇంత పెద్దది చేసింది 12వ శతాబ్దంలో మొదటి పరాక్రమబాహు. మన రామప్ప గుడి శాసనం 1213 నాటిది, అంటే మధ్యలో ఎక్కువ కాలం లేదు. అక్కడ ఆయన, ఇక్కడ గణపతిదేవుడి కాలంలో రేచర్ల రుద్రుడి లాంటి వాళ్లు, ఎండకు పగిలే నేలల్లో వాన నీళ్లు పట్టి నిలబెట్టారు. రామప్ప, లక్నవరం, పాకాల, గణపురం చెరువుల కింద ఇప్పటికీ వరి పండుతోంది. అక్కడా అంతే, కట్ట కింద కనుచూపు మేర పచ్చటి పొలాలు.

మన ఊళ్లల్లో ఒక చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది ఊరి చెరువుకు చేరతాయి కదా. శ్రీలంకలో వానలు తక్కువ పడే ప్రాంతమంతా అదే గొలుసుకట్టు పద్ధతి. దాన్ని 2017లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. మా కారు డ్రైవర్ తాతగారు వాళ్ల ఊళ్లో వెల్ విదానెగా పనిచేశారట. ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్లు వదలాలో చూసే మనిషి. మన నీరటి చేసే పని గురించి చెబితే ఆయన కారు పక్కన ఆపి మరీ విన్నాడు. తూము ఎలా తీస్తారు, నీరటికి కూలి వడ్లు ఎలా ఇచ్చేవాళ్లు అని వివరంగా అడిగాడు.

మే 12న వెసాక్, అంటే బుద్ధ పౌర్ణమి. వెదురు బద్దలతో, రంగు కాగితాలతో చేసిన లాంతర్లు ప్రతి ఇంటి ముందూ వెలిగించారు. రోడ్ల మీద దన్సల్ పేరుతో పందిళ్లు వేసి దారిన పోయే ప్రతి మనిషినీ ఆపి అన్నం పెట్టారు, డబ్బు తీసుకోరు. మేం ఏ ఊరి వాళ్లమో కూడా అడగలేదు.

సిగిరియా కొండ ఎక్కాం. ఎండ చాలా ఎక్కువ, పొద్దున్నే వెళ్లాలి. కొండల మీది ఊరు నువారా ఎలియాలో మే నెలలో స్వెటర్ వేసుకున్నాం. ఖర్చు టికెట్లు, బస, కారు, తిండి అన్నీ కలిపి మనిషికి అరవై వేలు దాటలేదు.

నర్సంపేట సార్ | 15 జూన్ 2025

మేడమ్, మీరు పొలొన్నరువ చూస్తున్న రోజుల్లోనే మిస్ వరల్డ్ పోటీదారులు మన రామప్పకు వచ్చారు. మే 14న. ఎన్నో దేశాల వాళ్లు ఆ గుడి ముందు నిలబడ్డారు. మా తరగతిలో పాకాల దగ్గరి పిల్లలున్నారు, వాళ్లలో ఆ చెరువు కట్ట ఎక్కనివాళ్లు సగం మంది. మీ పోస్టు చదివాక మా నాలుగు, అయిదు తరగతులను ఒక రోజు అక్కడికి తీసుకెళ్లాలని నిర్ణయించుకున్నాను. పరిసరాల విజ్ఞానంలో నీటి పాఠం వచ్చినప్పుడు. ఫోటోలు ఉంటే పంపండి, పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

పరకాల నాన్న | 16 జూన్ 2025

బడిబాటలో ఎంతమంది చేరారు మేడమ్?

ములుగు టీచర్ | 16 జూన్ 2025

అన్నా, ఒకటో తరగతిలో మేం జాబితా రాసుకున్న పిల్లల్లో ఇద్దరు తప్ప అందరూ చేరారు. ఆ ఇద్దరి ఇళ్లకు రేపు మళ్లీ వెళ్తున్నాం. ఒకరి అమ్మానాన్న కూలికి వేరే ఊరు పోయారు, నానమ్మతో మాట్లాడాలి.

నర్సంపేట సార్, ఫోటోలు పంపుతాను. మా పిల్లలు పరాక్రమ సముద్రంలో చేపలు ఉంటాయా, మత్తడి దూకుతుందా, కట్ట తెగితే ఎవరు పూడుస్తారు అని అడిగారు. మూడో ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. డ్రైవర్ నంబర్ ఉంది, ఆయన్నే అడిగి చెబుతానన్నాను. మన ఊరి చెరువు కట్టకు ఎవరు మట్టి పోస్తారో ఇంట్లో అడిగి రమ్మని వాళ్లకు ఇంటిపని ఇచ్చాను.

భూపాలపల్లి కొత్త టీచర్ | 17 జూన్ 2025

అక్కా, అనుమతి దరఖాస్తు నమూనా పెడతారా? వచ్చే ఏడాదికి అప్పు తీరిపోతుంది.

ములుగు టీచర్ | 17 జూన్ 2025

పెడతాను తమ్మీ. పేర్లు, ఐడీ నంబర్లు తీసేసి ఈ ఆదివారం ఇక్కడే పెడతాను. జనవరిలోనే ఇవ్వు, ఇచ్చిన రోజు నకలు మీద తేదీతో సంతకం తీసుకో. టికెట్ మాత్రం అనుమతి చేతికి వచ్చాకే కొను.